రాతి మిషను పక్కన కుర్చీ

నా పదవీ విరమణ సభలో ముఖ్య అతిథి నన్ను గొప్ప గుండె డాక్టరమ్మ అని పొగిడాడు. నేను ఉద్యోగమంతా కోసింది ఊపిరితిత్తులు. గుండె ఆ పక్కనే ఉంటుంది కాబట్టి ఆయన మరీ దూరం పోలేదని సరిపెట్టుకున్నాను. శాలువా కప్పారు, అద్దాల పెట్టెలో ఒక జ్ఞాపిక ఇచ్చారు, నా సేవలు ఎన్నటికీ మరువలేనివన్నారు. మర్నాడు గదిలో మిగిలిన సామాను తెచ్చుకుందామని వెళ్తే గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఆపి, ఏ పేషెంటు తాలూకు అని అడిగాడు.

ఛాతీ శస్త్రచికిత్సలోకి వస్తున్న పిల్లలు కొందరు నన్ను అనుభవాలు రాయమంటున్నారు. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను, అది నాకే గుర్తు లేదు. కత్తి పట్టుకోవడం ఎలాగో కూడా రాయను, అది నేర్పడానికి మీకు వీడియోలున్నాయి. వెనక సంగీతం కూడా వస్తుంది వాటిలో. వీడియోల్లో కనపడని సంగతి ఒక్కటి రాస్తాను. దాని కోసం మిమ్మల్ని మార్కాపురం దాకా తీసుకుపోవాలి.

పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారు

మాది కొమరోలు దగ్గర పల్లె. బోరు ఎండిపోయినప్పుడల్లా మా నాయన ఇంకో బోరు వేయించేవాడు, నేను ఇంకో పరీక్ష రాసేదాన్ని. రెండింటిలో నాకే కాస్త నీళ్లు పడ్డాయి. నగరంలో ఉద్యోగం వచ్చాక గిద్దలూరు, యర్రగొండపాలెం, కొనకనమిట్ల వైపు నుంచి ఊపిరితిత్తుల జబ్బుతో బస్సెక్కిన ప్రతివాడూ 'మన పక్కామె' అని నా గదికే వచ్చేవాడు. వచ్చి కూర్చుని, నన్ను పైకీ కిందికీ చూసి, పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారని అడిగేవాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తర్వాత, ఆయన సెలవులో ఉన్నారు, ఈ పూటకు నాతో సర్దుకోండి అనేదాన్ని.

మా వైపు ఒక ఆచారం ఉంది. ఎక్స్‌రేలో మచ్చ కనపడితే దాని పేరు టీబీ. కఫం పరీక్షలో ఏమీ దొరకకపోయినా టీబీయే. మందులు మింగినా తగ్గకపోతే మొండి టీబీ. గిద్దలూరు నుంచి ఒక పెద్దాయన అట్లా రెండు విడతలు టీబీ మందులు మింగి, మూడో విడతకు ముందు నా దగ్గరికి వచ్చాడు. లోపలున్నది క్యాన్సర్. అప్పటికే అది కాలేయం దాకా పోయింది. నేను చేయగలిగిందల్లా ఆయన ఎదురుగా కూర్చోవడమే. అదీ ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

నాకు పని నేర్పిన ప్రొఫెసరు గురించి ఒక మాట. నోరు మంచిది కాదు. ఆపరేషన్ థియేటర్లో ఆయన విసిరిన పరికరాలు ఏరుకోవడమే మాకు మొదటి ఏడాది శిక్షణ. కానీ కేస్ షీట్ చూసేటప్పుడు మాత్రం ఒక చాదస్తం ఉండేది. 'వృత్తి' అని ఉన్నచోట మేం 'వ్యవసాయం', 'కూలి' అని రాస్తే పెన్నుతో కొట్టేసేవాడు. వృత్తి ఎవడిక్కావాలి, రోజు రాయండి, పొద్దున లేచి ఎక్కడ నిలబడతాడో, ఎక్కడ కూర్చుంటాడో, ఏ గాలి పీలుస్తాడో రాయండి అని అరిచేవాడు. ఆయన వెనక మేం ఆ గొంతును అనుకరించి నవ్వుకునేవాళ్లం. నేను బాగా అనుకరించేదాన్ని.

వృత్తి: వ్యాపారం

సుబ్బరామయ్య గారిది మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ. తాతల నాటి నుంచీ వ్యాపార కుటుంబం. ఒకప్పుడు బడిపిల్లల పలకలు, ఇప్పుడు పట్నాల్లో గోడలకు అంటించుకునే రాతి పలకలు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల పంచె. గదిలోకి వచ్చి, నన్ను దాటి వెనక తలుపు వైపు చూసి, పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారన్నాడు. వెంట వచ్చిన ఆయన భార్య అనసూయమ్మ గారు మాత్రం సూటిగా నా ముందు కూర్చుని, "ఈమేనయ్యా, కూర్చో" అంది.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. సిగరెట్లు మానేసి చాలా కాలమైందట. పక్కనున్న లింఫు గ్రంథులు కాస్త ఉబ్బి ఉన్నాయి కానీ ఆశ వదులుకునే స్థితి కాదు.

మా కాలంలో ఇలాంటివాళ్లను ముందు కోసి, తర్వాత మందులిచ్చేవాళ్లం. ఇప్పుడు వరస మారింది. ముందు కీమో, దానితోపాటు ఇమ్యునోథెరపీ. ఈ రెండో మందు క్యాన్సర్‌ని నేరుగా చంపదు. మన ఒంట్లోని రక్షణ కణాలను క్యాన్సర్ జోకొట్టి పడుకోబెట్టి ఉంటుంది. వాటిని తట్టి లేపుతుంది, అంతే. లేచినవి గడ్డ మీద పడతాయి. గడ్డ తగ్గాక, కొన్ని వారాల్లోపు మేం ఆ భాగం తీసేస్తాం. ఎక్కువ ఆలస్యం చేస్తే లోపల పొరలూ నాళాలూ అతుక్కుపోయి గట్టిపడతాయి, బతికి ఉన్న క్యాన్సర్ కణాలు మళ్లీ తల ఎత్తుతాయి. కొంతమందికి ఈ పద్ధతి నిజంగా ప్రాణం పోసింది. వెటకారం లేకుండా చెబుతున్న మాట ఇది, గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ దొరకదు.

క్యాన్సర్ మందుల విభాగంలో కిరణ్ అని చురుకైన కుర్ర డాక్టరు. సుబ్బరామయ్య గారి వివరాలన్నీ తనే తీసుకున్నాడు. ఏం పని చేస్తారని అడిగితే, వ్యాపారం అన్నారు. రాయి కోస్తారా అంటే ఆయనకు పౌరుషం వచ్చింది. జన్మలో రాయి ముట్టింది లేదు, అది కూలీల పని అన్నారు. కిరణ్ పాపం అలాగే రాసుకున్నాడు: వ్యాపారం, దుమ్ము పని లేదు. అతను మార్కాపురం ఎప్పుడూ చూడలేదు. చూడకపోవడం నేరం కాదు.

ఏసీ గదిలో తీర్పు

మందులు బ్రహ్మాండంగా పనిచేశాయి. దగ్గు పోయింది. మనిషి ఒళ్లు చేశాడు. స్కానులో గడ్డ చిక్కి చిన్న గీతలా మిగిలింది. కానీ ఛాతీ మధ్యలో గ్రంథులు, కుడివైపువీ ఎడమవైపువీ, దీపావళి దీపాల్లా వెలిగాయి.

ట్యూమర్ బోర్డు అని ఒకటుంటుంది. వారానికోసారి డాక్టర్లందరం ఏసీ గదిలో చేరి, సమోసాలు తింటూ, ఆ గదిలో లేని మనిషి గురించి నిర్ణయం చేసే సభ. ఆ రోజు నిర్ణయం తొందరగానే అయిపోయింది. గ్రంథులు రెండువైపులా వెలిగాయంటే జబ్బు పాకింది, పాకితే ఆపరేషన్ వల్ల లాభం లేదు, ఉన్నన్నాళ్లు మందులతో నెట్టుకొద్దాం. గడ్డ తగ్గుతూ ఉంటే జబ్బు పాకడమేంటని నేను అడిగాను. ఒక్కోసారి అలా జరుగుతుంది మేడమ్ అన్నారు. ఒక్కోసారి జరిగేదాన్ని బోర్డులో ఎవరూ కాదనలేరు. సమోసాలు కూడా అయిపోయాయి.

ఆ తీర్పు వాళ్లకు చెప్పే పని నాకే అప్పగించారు, మీ వైపు వాళ్లే కదా అని. సుబ్బరామయ్య గారు ఫోనులో ఫ్యాక్టరీ వాళ్లను తిడుతూ వరండాలో ఉన్నారు. అనసూయమ్మ గారొక్కరే లోపలికి వచ్చారు. ఆపరేషన్ ఉండకపోవచ్చని నీళ్లు నమిలాను. ఆమె చీర కొంగు మడతలు పెట్టుకుంటూ అంతా వింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, ఆయన మీద కోపం తెచ్చుకుంది. ఇంక ఈయన రేపే ఫ్యాక్టరీకి పరిగెత్తుతాడు, మళ్లీ ఆ బట్టలు నా ప్రాణానికి, అంది.

"ఏం బట్టలు వదినా?" అన్నాను.

"పొద్దున తెల్లగా పోతాడమ్మా. సాయంత్రానికి బూడిదలో పొర్లినట్ల వస్తాడు. పెండ్లయినప్పటి నుంచి అదే ఉతుకుడు."

"రాయి ముట్టుకోనన్నాడు గదా?"

"ముట్టుకోడు. మిషను పక్కనే కుర్చీ ఏసుకొని పొద్దుగూకులూ కూర్చుంటాడు. తన కన్ను పడకపోతే పని సాగదంట. కూలోళ్లన్నా మూతికి గుడ్డ కట్టుకుంటారు, పని మారతారు. ఈయన గుడ్డ కట్టుకుంటే యజమాని అని ఎట్ల తెలుస్తాదంట."

వృత్తి కాదు, రోజు రాయండి. మా ప్రొఫెసరు పోయి చాలా ఏళ్లయింది. అయినా పెన్నుతో నా తల మీద కొట్టినట్టే అయింది. మా వైపు యజమాని అంటే అంతే మరి. పని చేయడు, పని జరిగేచోటు వదలడు. కూలీ మనిషి మారుతూ ఉంటాడు, యజమాని కుర్చీ మారదు. ఆ షెడ్డులో అందరికంటే ఎక్కువ రాతిపొడి పీల్చింది రాయి ముట్టని మనిషే.

రాతిపొడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో, పక్క గ్రంథుల్లో ఆ పొడి పేరుకుని మచ్చకడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. క్యాన్సర్ రావడంలోనూ ఆ పొడికి వాటా ఉంటుంది. ఇమ్యునోథెరపీ తట్టి లేపిన రక్షణ కణాలు ఊరికే కూర్చుంటాయా, ఆ పాత పొడి మీద కూడా పడ్డాయి. స్కాను యంత్రానికి తెలిసేది ఒక్కటే, ఎక్కడ చక్కెర ఎక్కువ ఖర్చవుతోందో. తినేది క్యాన్సరో, దానితో కొట్లాడేవాళ్లో దానికి తెలియదు. రెండింటినీ ఒకేలా వెలిగిస్తుంది.

గొంతులోంచి గొట్టం పంపి, రెండువైపుల గ్రంథుల్లోంచీ సూదితో ముక్కలు తీయించాం. రాతిపొడి, దాని చుట్టూ మూగిన కణాలు. క్యాన్సర్ లేదు. బోర్డు మళ్లీ చేరింది, మళ్లీ సమోసాలు, ఆసక్తికరమైన కేసు అన్నారు. ఆసుపత్రిలో ఎవరైనా మీది ఆసక్తికరమైన కేసు అంటే, పిల్లలూ, మీ చెప్పులు ఎక్కడున్నాయో చూసుకోండి. కిరణ్ మాత్రం నా గదికి వచ్చి, మార్కాపురానికి బస్సు ఎక్కడెక్కాలని అడిగాడు. అప్పటి నుంచి ఆ కుర్రవాడంటే నాకు గౌరవం.

కరిగిపోయింది గదా

ఇక ఆపరేషన్‌కు అడ్డేమీ లేదనుకున్నాను, రోగి తప్ప.

ఫోను చేస్తే సార్ స్నానానికి పోయినారు అనేవాళ్లు. పొద్దున చేసినా స్నానమే, సాయంత్రం చేసినా స్నానమే. ఇంత శుభ్రమైన మనిషి లోపల అంత దుమ్ము ఎలా చేరిందో అనిపించింది. వారాలు జారిపోతున్నాయి. కొమరోల్లో తమ్ముణ్ని చూసే పని పెట్టుకుని, దారిలో మార్కాపురంలో దిగాను.

షెడ్డులో మిషను రంకెలేస్తోంది. గోడలు, తలుపులు, మనుషుల కనురెప్పలు, అన్నీ బూడిద రంగు. మధ్యలో తెల్ల చొక్కాతో ఆయన, కుర్చీలో. నన్ను చూసి సంతోషంగా లేచాడు. కాఫీ తెప్పించాడు. గడ్డ కరిగిపోయింది గదా సెల్లె, దగ్గు లేదు, ముద్ద దిగుతోంది, ఇంక కోసేదేంది అన్నాడు. పోనీ నీ మాట తీసెయ్యడమెందుకు, ఏదో చిన్న ముక్క తీసుకుపో అని బేరం కూడా పెట్టాడు. సగానికి తెగ్గొట్టి మొదలుపెట్టడం ఆయనకు అలవాటు. గడ్డ కనపడకపోయినా దాని వేళ్లు బతికే ఉండొచ్చనీ, పైభాగం మొత్తం తీస్తేనే తెలుస్తుందనీ చెప్పాను. ఆయన తల ఊపుతూ మిషను వైపు చూస్తున్నాడు.

అక్కడ ఒకాయన కోసిన పలకలను వేలి కణుపుతో తట్టి చూస్తున్నాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. చూడన్నా, పైకి నున్నగా ఉందని పలకను తట్టకుండా లారీకి ఎక్కిస్తావా అన్నాను. మహా చెప్పాననుకున్నాను.

"ఎక్కించను. పగిలిన పలక వెనక్కొస్తే ఇంకోటి ఇస్తాను. నువ్వు ఇస్తావా ఇంకో ఊపిరితిత్తి?"

పలకలు తట్టే ఆయన పకపకా నవ్వాడు. నా పట్టాలన్నీ ఆ దుమ్ములో కలిశాయి. కాఫీ మాత్రం బాగుంది.

ఓడిపోయి లేచాను. సాగనంపడానికి గేటు దాకా వచ్చాడు. మధ్యలో వెనక్కి తిరిగి, షెడ్డు అవతలి చివర ఉన్న మనిషిని పేరు పెట్టి ఒక్క కేక పెట్టాడు. అంత చప్పుడులోనూ ఆ మనిషి ఉలిక్కిపడి రాయి సరిచేశాడు. ఈయన ఛాతీ మీద చేయి పెట్టుకున్నాడు. తర్వాత, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అడిగాడు.

"కోసినాక అరిచేదానికి ఊపిరి ఉంటాదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. గొంతుకు ఏమీ కాదన్నా అన్నాను.

"గొంతు గాదు సెల్లె. మా నాయన గూడా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. చివర్లో ఆయాసం, అరవలేకపోయినాడు. చెయ్యి ఊపి పిలిచేవాడు. ఎవురూ చూసేవాళ్లు గాదు. నేనూ చూసేవాణ్ని గాదు."

"ఏం జబ్బన్నారు?"

"టీబీ అన్నారు. ఎన్ని మందులు మింగినా తగ్గలా."

చాలా బాధేసింది. ఆయన్ను మొండివాడని బస్సులో తిట్టుకుంటూ వచ్చాను, షెడ్డులో బేరగాడని కూడా అనుకున్నాను. ఆయన భయపడింది కత్తికి కాదు, చావుకూ కాదు. చెయ్యి ఊపుతూ కూర్చోవడానికి. పిల్లలూ, ఆపరేషన్ వద్దన్న మనిషి చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ అసలుది కాదు. అసలుది గేటు దగ్గర బయటికొస్తుంది. గేటు దాకా పోయే ఓపిక మీకుండాలి.

అబద్ధం చెప్పి ఒప్పించడం తేలిక. చెప్పలేదు. "మొదట్లో మెట్లెక్కితే ఆయాసం వస్తుందన్నా. నెమ్మదిగా తగ్గుతుంది. కేక ఎంత తిరిగొస్తుందో నేను ముందే చెప్పలేను. కోయకుండా వదిలేస్తే మాత్రం కేక పెట్టే మనిషే ఉండకపోవచ్చు. ఇంకొకటి, కోసినా కోయకపోయినా ఆ కుర్చీ అక్కడి నుంచి తీసెయ్యాల."

"కుర్చీ సంగతి నువ్వు మాట్లాడొద్దు" అన్నాడు కోపంగా. కానీ మరుసటి వారం వచ్చి చేరాడు.

సంగీతం లేని వీడియో

ఇమ్యునోథెరపీ తర్వాత కోయడం మామూలు కోత కాదు. గడ్డ చచ్చినచోట అంతా మచ్చకట్టి జిగురు పట్టినట్టుంటుంది. దానికి తోడు ఈయనవి రాతిపొడి గ్రంథులు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, తెర మీద చూస్తూ మొదలుపెట్టాం. నాకు సాయం చేస్తున్న యువ సర్జను చెయ్యి చక్కగా నడుస్తోంది. ఊపిరితిత్తికి రక్తం తెచ్చే పెద్ద నాళం దగ్గరికి వచ్చేసరికి ఒక గ్రంథి దాని మీద అతుక్కుని, గులకరాయిలా గట్టిగా ఉంది. ఎటు నుంచి పోయినా దారి లేదు.

ఛాతీ తెరుద్దాం అన్నాను. ఇంకొంచెం ప్రయత్నిద్దాం మేడమ్ అన్నాడతను, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. సమావేశాల్లో చూపించే వీడియోల్లో ఎవరూ మధ్యలో తెరవరు. తెరిచినవాళ్లు వీడియో చూపించరు. ఆ నాళం చిరిగితే మనిషి మన చేతుల్లోనే పోతాడు, చిన్న రంధ్రాలు చాలా అందంగా ఉన్నాయని అనసూయమ్మ గారికి చెప్పుకోవాలి. నాకు భయమేసింది. అన్నేళ్లు చేసినా వేసింది. ఈ పనిలో భయం పోయినవాళ్లను చూశాను, వాళ్ల దగ్గర మాత్రం నా ఒళ్లు చూపించుకోను.

ఛాతీ తెరిచాం. పెద్ద నాళాన్ని ముందే, మొదలంటా వెళ్లి పట్టీతో అదుపులో పెట్టుకుని, అప్పుడు ఆ రాయి చుట్టూ గోకుతూ పోయాం. మత్తు డాక్టరు మధ్యమధ్యలో, ఇంకా ఎంతసేపు అని అడగడం మానేశాడు. ఆయన అడగడం మానేశాడంటే పరిస్థితి బాగాలేనట్టు. చివరికి వదిలింది. పైభాగం పళ్లెంలోకి వచ్చింది. మిగిలిన ఊపిరితిత్తిలోకి గాలి ఊదితే ముడుచుకున్నది మెల్లగా విచ్చుకుని ఖాళీ అంతా నింపింది. ఎన్నిసార్లు చూసినా నాకది ఇష్టమైన దృశ్యం.

ఊరికే కోసింది

తీసిన భాగం పరీక్షకు వెళ్లింది. జవాబు వచ్చిన రోజు నేను ఆ కాగితం తిప్పి తిప్పి చదివాను. గడ్డ ఉన్నచోట మచ్చ, రాతిపొడి. బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. ఇంతకంటే మంచి జవాబు మా శాస్త్రంలో లేదు. కిరణూ నేనూ వార్డు దాకా దాదాపు పరిగెత్తాం. మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్న సుబ్బరామయ్య గారికి విషయం చెప్పాను.

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. ఛాతీ పక్కన కుట్లు తడుముకున్నాడు.

"అయితే ఏమీ లేకుండానే కోసినారా?"

తీసి చూస్తే గానీ లేదని తెలియదన్నాను. మందు అంత బాగా పనిచేసిందని ముందే చెప్పే యంత్రం ఇంకా రాలేదన్నాను. అట్ల మీరు చెప్పాల, మేము నమ్మాల అన్నాడు. అనసూయమ్మ గారు ఒక్కరే దండం పెట్టారు, నాకు కాదు, కిటికీలోంచి కనపడే గాలిగోపురానికి.

ఆయన ఇంటికి చేరేలోపే ఈ వార్త మార్కాపురం బస్టాండు దాటింది. ఊపిరితిత్తిలో ఏమీ లేకుండానే కోసేసిందంట. కొనకనమిట్ల నుంచి వచ్చిన ఒకావిడ నన్ను పైకీ కిందికీ చూసి, ఆ ఊరికే కోసే డాక్టరమ్మ మీరేనా అని అడిగింది. పోనీలే, పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారని అడగలేదు. ఈ కొత్త వైద్యంలో మీ పని ఎంత బాగా జరిగితే అంత అనవసరంగా కనపడుతుంది. మెచ్చుకుంటారని వచ్చేవాళ్లు వేరే విభాగం చూసుకోండి. గుండె డాక్టర్లకు మంచి పేరుంది.

ఇన్నేళ్లూ సుబ్బరామయ్య గారు స్కానుకు క్రమం తప్పకుండా వస్తూనే ఉన్నారు. ప్రతిసారీ ఏమీ లేదని చెబితే, అది నాకు ముందే తెలుసు అన్నట్టు చూస్తారు.

రిటైరయ్యాక ఈ మధ్య కొమరోలు పోతూ ఫ్యాక్టరీ దగ్గర ఆగాను. కుర్చీ షెడ్డులో లేదు. దుమ్ముకు దూరంగా, రోడ్డు వైపు గేటు పక్కకు వచ్చింది. నా మాట విని కాదట. లారీల మీద కన్ను ఉండాలనట. లోపల పని చేసేవాళ్లందరి మూతులకూ మంచి మాస్కులున్నాయి. అవి కూడా నా మాట విని కాదట.

నేను ఇంకా రోడ్డు దాటనేలేదు, ఆయన కుర్చీలోంచి లేచి షెడ్డు వైపు తిరిగాడు.

"రేయ్, నన్ను ఊరికే కోసింది ఈయమ్మేరా! కాఫీ పట్రాండి!"

లోపల మిషను రంకెలేస్తూనే ఉంది. షెడ్డు అవతలి చివర పలకలు పేరుస్తున్న మనిషి ఆ కేకకు తలెత్తి, చేతిలో పలక కింద పెట్టి, కాఫీకి బయల్దేరాడు.